ఇల్లు ఎక్కడ, పని ఎక్కడ: హైదరాబాద్ బస్తీల వందేళ్ళ లెక్క

హైదరాబాద్ బల్దియా ఆఫీసుల్లో యూసీడీ అని ఒక విభాగం ఉంటుంది. తోపుడు బండి మీద పండ్లమ్మేవాళ్ళు గుర్తింపు కార్డు కోసం, పొదుపు సంఘాల మహిళలు బ్యాంకు రుణం కాగితాల కోసం అక్కడికి వెళ్తుంటారు. అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అన్న పేరుకు అది పొట్టిరూపం. 1967లో ఈ నగరంలోనే చిన్న ప్రయోగంగా మొదలైన పని అది. పదేళ్ళు తిరిగేసరికి దేశం బయట కూడా దాని మాట వినిపించింది. యునిసెఫ్‌లో పట్టణాల సలహాదారుగా పనిచేసిన విలియం కజిన్స్, కేథరిన్ గోయ్‌డర్ కలిసి 1979లో దాని మీద ఒక పుస్తకమే రాశారు. ఇవాళ ఆ ఆఫీసు మెట్లెక్కే మనిషికి ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. మనం చెప్పలేదు కాబట్టి.

ఇప్పుడైనా చెప్పుకోవాలి. మూసీ ఒడ్డున ఇళ్ళ గోడల మీద తరలింపు కోసం ఎర్ర గుర్తులు పడ్డాయి. నగరం చుట్టూ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన వేల ఇళ్ళతో కట్టిన కాలనీలున్నాయి. బీదవాళ్ళకు ఇల్లివ్వడం అనే పనిని ఈ నగరం వందేళ్ళకు పైగా ఏదో ఒక పేరుతో చేస్తూనే ఉంది. అందులో కొన్ని నిలిచాయి, కొన్ని చెదిరిపోయాయి. ఎందుకలా జరిగిందని వెతికితే నాకు మళ్ళీ మళ్ళీ ఒకే కారణం ఎదురవుతోంది: ఇల్లు కట్టిన చోటికీ, ఆ ఇంట్లో ఉండాల్సిన మనిషి పనిచేసే చోటికీ మధ్య దూరం. గోడల నాణ్యత, గదుల సంఖ్య, రంగులు, లిఫ్టులు అన్నీ ముఖ్యమే. కానీ దూరం తప్పితే ఇవేవీ ఆ తప్పును పూడ్చలేకపోయాయి. కాస్త ఓపిగ్గా, మొదటి నుంచి చూద్దాం.

1908 సెప్టెంబర్ 28. మూసీ పొంగి నగరాన్ని ముంచింది. చనిపోయినవాళ్ళు పదిహేను వేల మంది దాకా ఉంటారని సాధారణంగా చెబుతారు. అఫ్జల్‌గంజ్ దగ్గరి చింతచెట్టు కొమ్మలెక్కి సుమారు నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనలతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఇంతవరకు మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. ఆ వరద వల్ల పుట్టిన మరో సంస్థ గురించి మాత్రం తక్కువగా వింటాం. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు అది. ఉర్దూలో దాన్ని ఆరాయిష్-ఎ-బల్దా అన్నారు. మునిసిపాలిటీని మనం ఇప్పటికీ బల్దియా అంటున్నామే, ఆ మాటకు ఇది చుట్టం.

వరద, దాని వెనకే వచ్చిన ప్లేగు, ఇరుకు గల్లీల్లో గాలీ వెలుతురూ లేని ఇళ్ళు ఎంత ప్రమాదమో చూపించాయి. బోర్డు రోడ్లు వెడల్పు చేసింది, పత్తర్‌గట్టీ రాతి కమానుల దుకాణాలు కట్టించింది. వీటితోపాటు ఇరుకు పేటలను తొలగించి వాటి బదులు వరుస ఇళ్ళు కట్టింది. నల్లా, మోరీ, ముందూ వెనకా కాస్త ఖాళీ స్థలం ఉన్న చిన్న ఇళ్ళవి. ఆదాయాన్ని బట్టి తరగతులు పెట్టి, అద్దెకో వాయిదాల మీదో ఇచ్చింది. మల్లేపల్లి, రెడ్‌హిల్స్, ఖైరతాబాద్ వైపు ఆ పని జరిగింది. సీఐబీ క్వార్టర్స్ అన్న చిరునామా ఇప్పటికీ చెల్లుబాటులో ఉంది. నా దృష్టిలో ఇందులో అసలు విషయం ఆ పేటలున్న చోటు. ఆనాటి నగరానికి అవి కాలినడక దూరం. పాత ఇల్లు పోయిన మనిషి పొద్దున్నే లేచి అదే బజారుకు, అదే కార్ఖానాకు నడిచి వెళ్ళగలిగాడు. బోర్డు దీన్ని సిద్ధాంతంగా అనుకుందో లేదో గానీ, నగరమే చిన్నది కాబట్టి దూరం అనే తప్పు చేసే అవకాశం దానికి రాలేదు.

1901లో నాలుగున్నర లక్షల జనంతో ఉన్న నగరం అది. 2011 జనగణన నాటికి గ్రేటర్ హైదరాబాద్ జనాభా 67 లక్షలు దాటింది. ఈ పెరుగుదలలో పెద్ద వాటా పనిది. 1940లు వచ్చేసరికి ఆజమాబాద్‌లో పారిశ్రామిక వాడ, కవాడిగూడలో ప్రాగా టూల్స్, సనత్‌నగర్‌లో ఆల్విన్ నడుస్తున్నాయి. 1960లలో కేంద్ర ప్రభుత్వ సంస్థలు వచ్చాయి. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్, ఆ పక్కనే హెచ్ఎంటీ, తూర్పున 1967లో ఈసీఐఎల్. ఉద్యోగులకు కొన్నిచోట్ల టౌన్‌షిప్‌లు కట్టారు. వాటిలో బడి, దవాఖానా, మైదానం అన్నీ ఉండేవి. ఆ టౌన్‌షిప్‌లను కట్టిన కూలీలకు మాత్రం చోటు చూపించలేదు.

బస్తీ ఎలా పుడుతుందో ఇక్కడే అర్థమవుతుంది. మేస్త్రీ పాలమూరు నుంచో, నల్లగొండ నుంచో, శ్రీకాకుళం నుంచో కూలీలను తీసుకొస్తాడు. పని జరిగే చోటే గుడిసెలు వేసుకుంటారు. పని అయిపోతుంది, మేస్త్రీ వెళ్ళిపోతాడు, గుడిసెలు ఉండిపోతాయి. ఎందుకంటే అప్పటికే ఆ ఇంటామె పక్క కాలనీలో పాచిపనికి కుదిరి ఉంటుంది, పిల్లవాడు ఏ సైకిల్ షాపులోనో చేరి ఉంటాడు. వాళ్ళకు దొరికేది ఎవరికీ అక్కర్లేని నేల: నాలా గట్టు, రైలు పట్టాల పక్క, రాళ్ళు కొట్టి వదిలేసిన క్వారీ గుంత. నగరానికి రాయి కొట్టిచ్చిన వడ్డెరల పేరుతో వడ్డెర బస్తీలు ఎన్నో ఉన్నాయి. మరికొన్ని బస్తీలకు ఇందిరానగర్, ఎన్టీఆర్ నగర్, అంబేద్కర్ నగర్ అని పెద్ద నాయకుల పేర్లు కనిపిస్తాయి. ఆ పేర్ల వెనక అభిమానంతోపాటు ఒక ఆశ కూడా ఉంది. ఆ పేరున్న బోర్డును కూల్చడానికి ఎవరైనా ఒక క్షణం ఆగుతారని.

చట్టం సంగతి కూడా కొంచెం తెలుసుకోవాలి. 1956లో ఆంధ్రప్రదేశ్ మురికివాడల అభివృద్ధి, భూసేకరణ చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని మురికివాడగా ప్రకటించవచ్చు, అవసరమైతే ఆ భూమిని సేకరించి అక్కడే సౌకర్యాలు కల్పించవచ్చు. ఆ ప్రకటన వచ్చిన బస్తీని నోటిఫైడ్ అంటారు. నోటిఫైడ్ అయితే నల్లా, మోరీ, సీసీ రోడ్డు కోసం అడగడానికి ఆధారం ఉంటుంది. కాకపోతే ఆ బస్తీ ప్రభుత్వ కాగితాల్లో లేనట్టే. గ్రేటర్ ఏర్పడ్డ తర్వాతి లెక్కల్లో నగరంలో 1,476 బస్తీలు తేలాయి. వాటిలో దాదాపు మూడు వందలు ఇలా కాగితాల్లో లేనివే. ఒకే మోరీకి అటు ఉన్నవాళ్ళకు హక్కుండి, ఇటు ఉన్నవాళ్ళకు లేకపోవడం అనే పరిస్థితి అక్కడి నుంచే వస్తుంది.

ఇక 1967 సంగతి. కేంద్ర ప్రభుత్వం అంతకు ముందు ఏడాది కొన్ని నగరాల్లో పట్టణ సమాజాభివృద్ధి ప్రాజెక్టులు పెట్టాలని నిర్ణయించింది. పల్లెల్లో నడుస్తున్న బ్లాకు అభివృద్ధి పద్ధతిని పట్టణ పేదల దగ్గరికి తేవాలన్నది ఉద్దేశం. చాలా నగరాల్లో కేంద్రం డబ్బు ఆగగానే ఆ ప్రాజెక్టులు ఆగిపోయాయి. హైదరాబాద్‌లో ఆగలేదు. మునిసిపల్ కార్పొరేషన్ దాన్ని తన సొంత పనిగా నిలుపుకుంది. తర్వాత 1970లలో యునిసెఫ్ సాయం తోడైంది.

ఆ పద్ధతిలో మొదటి మెట్టు మనిషి. కమ్యూనిటీ ఆర్గనైజర్ అనే ఉద్యోగి, చాలాచోట్ల ఒక మహిళ, బస్తీకి రోజూ వెళ్ళి కూర్చోవాలి. మీకు ఫలానాది ఇస్తాం అని చెప్పకూడదు. మీకేం కావాలి అని అడగాలి. అడిగితే చాలాచోట్ల ముందుగా వచ్చిన జవాబు పిల్లల గురించే. తల్లి పనికి వెళ్తే చిన్నపిల్లలను ఎవరు చూడాలి? అలా బాలవాడీలు వచ్చాయి. తర్వాత కుట్టు క్లాసులు, చిన్న చిన్న సంపాదన మార్గాలు. ఖర్చులో కొంత వాటా బస్తీ భరించాలి, డబ్బు లేకపోతే ఒంటి చాకిరీ అయినా చెయ్యాలి. వాటా పెట్టినవాడికి అడిగే హక్కు వస్తుంది. మోరీ పూడిపోతే ఎవరి మోరీ అన్న ప్రశ్న అక్కడ రాదు.

ఇళ్ళు ఆ తర్వాత వచ్చాయి. అలా తర్వాత రావడమే సరైన వరుస అని నేననుకుంటాను. బస్తీ ఉన్న స్థలానికే పట్టా ఇచ్చారు. పట్టా చేతికి వస్తే రెండు జరుగుతాయి. ఒకటి, కూలుస్తారన్న భయం తగ్గి మనిషి తన సంపాదనలోంచి ఇంటి మీద ఖర్చు పెట్టడం మొదలుపెడతాడు. రెండు, బ్యాంకు మాట్లాడుతుంది. 1969లో బ్యాంకులు జాతీయమయ్యాయి. 1972లో అతి పేదలకు నాలుగు శాతం వడ్డీకి అప్పిచ్చే పథకం వచ్చింది. పట్టా, బ్యాంకు అప్పు, కుటుంబం చేతి కష్టం ఈ మూడూ కలిపి గుడిసె స్థానంలో చిన్న పక్కా ఇల్లు లేచింది. ఇంటి స్థలం పట్టా ఆడమనిషి పేరున ఇచ్చే పద్ధతి తెలుగు నేల మీద స్థిరపడింది. ఒక్క కాగితం మీద ఉన్న పేరు ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో మార్చగలదు. ఇల్లు తాకట్టు పెట్టాలన్నా అమ్మాలన్నా ఆమె సంతకం కావాలి.

నగరంలోని పాత బస్తీల్లో తిరిగి చూడండి. గుడిసె ఉన్న చోట రేకుల ఇల్లు, దాని మీద స్లాబు, స్లాబు మీద కొడుకు పెళ్ళికి వేసిన గది, వీధి వైపు చిన్న కిరాణా దుకాణం కనిపిస్తాయి. ఎవరో ఇంజినీరు ఒకేసారి గీసిన బొమ్మ అది కాదని చూడగానే తెలుస్తుంది. కుటుంబం దగ్గర డబ్బు వచ్చినప్పుడల్లా కాస్త కాస్త పెరిగింది. ఇలా పెరగడానికి ముందు కావలసింది ఆ నేల మీద భరోసా.

1980లలో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో బస్తీల అభివృద్ధి పెద్ద ఎత్తున సాగింది. 1988లో విశాఖపట్నానికి, ఆ తర్వాత విజయవాడకు కూడా అదే తరహా ప్రాజెక్టులు వెళ్ళాయి. సిమెంటు దారులు, మోరీలు, వీధిలైట్లు, కమ్యూనిటీ హాళ్ళు వచ్చాయి. జనం బతుకులో ఇవి తెచ్చిన తేడా తక్కువది కాదు. వానాకాలంలో మోకాలిలోతు బురద లేని దారి అంటే ఏమిటో ఆ దారిలో చంటిబిడ్డను ఎత్తుకుని నడిచినవాళ్ళకు తెలుసు. కానీ డబ్బు పెద్దదయ్యేకొద్దీ పని ఇంజినీర్ల చేతికి, గుత్తేదార్ల చేతికి వెళ్ళింది. బస్తీలో కూర్చుని వినే మనిషి పక్కకు జరిగింది. ఇన్ని మీటర్ల మోరీ అని లెక్క రాయడం సులువు. ఒక బస్తీ కమిటీ తన మాట తాను నెగ్గించుకోవడం నేర్చుకుందని ఏ పట్టికలో రాస్తారు? లెక్కకు దొరికేదే మిగిలింది.

మరోవైపు మధ్యతరగతి, అల్పాదాయ కుటుంబాల కోసం ఇంకో ఏర్పాటు నడిచింది. హౌసింగ్ బోర్డు విజయనగర్ కాలనీ, సంజీవరెడ్డి నగర్ లాంటివి కట్టి, 1980లలో కూకట్‌పల్లిలో అతిపెద్ద కాలనీ లేపింది. కేపీహెచ్‌బీ అంటే కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డే. అక్కడి చిరునామాల్లో ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అన్న అక్షరాలుంటాయి: అల్పాదాయం, మధ్యాదాయం, అధికాదాయం. కట్టిన కొత్తలో అది నగరానికి దూరం. కానీ బాలానగర్, సనత్‌నగర్ ఫ్యాక్టరీలకు దగ్గర, బొంబాయి హైవే పక్కన. తర్వాత మాదాపూర్‌కు ఉద్యోగాలు రావడంతో అదే కాలనీ వేల మంది యువతకు హాస్టళ్ళ ఊరైంది. అల్పాదాయం వాళ్ళ కోసం కట్టిన ఎల్ఐజీ ఇళ్ళు నాలుగంతస్తులై, కింద టిఫిన్ సెంటరు, పైన హాస్టలు అయ్యాయి. మొదట తీసుకున్న కుటుంబాలకు పిల్లల చదువుల ఖర్చు ఆ ఇళ్ళే భరించాయి. పనికి దగ్గరున్న నేల బీద కుటుంబానికి ఎంత చేయగలదో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ తర్వాతి పాతికేళ్ళలో నగరం బరువు పడమటి వైపు ఒరిగింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల గురించి చాలామంది రాశారు. ఆ ఒక్కో ఉద్యోగం వెనక వంటమనిషి, డ్రైవరు, సెక్యూరిటీ గార్డు, ఇస్తిరి బండి, క్యాంటీన్ కుర్రాడు ఇలా ఎంతమంది పని ఆధారపడి ఉంటుందో తక్కువ మంది రాశారు. వీళ్ళందరికీ పని దగ్గర్లో ఇల్లు కావాలి. బోరబండ, అల్లాపూర్, ఫిల్మ్‌నగర్ బస్తీలు, సిద్దిఖ్‌నగర్ లాంటివి వాళ్ళకు ఆ చోటు ఇచ్చాయి. ప్రణాళిక ఇవ్వలేదు, బస్తీలే ఇచ్చాయి.

ప్రభుత్వాలు ఊరుకోలేదు. 2001లో వాంబే ఇళ్ళ పథకం, 2005లో రాజీవ్ గృహకల్ప, అదే ఏడాది చివర కేంద్రం నుంచి జేఎన్ఎన్‌యూఆర్ఎం, 2007లో మధ్యతరగతి కోసం రాజీవ్ స్వగృహ వచ్చాయి. పేర్లు మారినా ఒక మార్పు అన్నింటిలోనూ ఉంది. ఇల్లు బస్తీ నుంచి బయలుదేరి నగరం అంచుకు వెళ్ళింది. కారణం స్పష్టమే. నగరం మధ్య సర్కారు భూమి విలువ పెరిగింది. దాన్ని వేలం వేసి ఆ డబ్బుతో పథకాలు నడపడం అలవాటైంది. అంచున భూమి చౌక. ఫైలులో చూస్తే ఒక్కో ఇంటికయ్యే ఖర్చు తగ్గుతుంది. తగ్గిన ఆ ఖర్చు ఎవరి జేబులోంచి మళ్ళీ బయటికొస్తుందో ఆ ఫైలులో గడి లేదు.

రెండు కాలనీలను పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండూ తెలంగాణ ప్రభుత్వ డబుల్ బెడ్రూమ్ ఇళ్ళ పథకం కిందివే. రెండింటిలోనూ ఇల్లు సుమారు 560 చదరపు అడుగులు, లబ్ధిదారు రూపాయి కట్టనక్కర్లేదు. మొదటిది సికింద్రాబాద్‌లో ఐడీహెచ్ కాలనీ, 2015 నవంబర్‌లో ప్రారంభమైంది. పాడుబడిన పాత ఇళ్ళు కూల్చి, అక్కడే మూడంతస్తుల్లో 396 ఇళ్ళు కట్టి, అంతకుముందు అక్కడున్నవాళ్ళకే ఇచ్చారు. రెండోది కొల్లూరు. 2023 జూన్‌లో ప్రారంభించారు. ఒకే చోట 15,660 ఇళ్ళు. రోడ్లు, మురుగునీటి శుద్ధి, లిఫ్టులు అన్నీ ఉన్న పెద్ద టౌన్‌షిప్. నగరంలోని వేర్వేరు నియోజకవర్గాల వాళ్ళకు లాటరీ తీసి ఇచ్చారు. చార్మినార్ నుంచి అక్కడికి ముప్పై కిలోమీటర్లకు పైగా ఉంటుంది. సంగారెడ్డి జిల్లాలోకి వెళ్ళాలి.

ఐడీహెచ్ కాలనీలో పక్కింటివాళ్ళు పక్కింటివాళ్ళుగానే ఉన్నారు. కొల్లూరులో చాలా ఇళ్ళకు తాళాలున్నాయని, కొందరు అద్దెకిచ్చి పాత చోటికే వెళ్ళిపోయారని పత్రికలు పదేపదే రాశాయి. అది చదివిన కొందరు ఉచితంగా ఇల్లిస్తే విలువ తెలియదని అన్నారు. ఆ మాట నాకు బాధ కలిగించింది. ఇలా అనేవాళ్ళు ఒకసారి లెక్క వేసి చూడాలి.

బర్కత్‌పురాలో నాలుగు ఇళ్ళలో పాచిపని చేసే ఒక ఆమెను ఊహించుకుందాం. ఇంటికి రెండున్నర వేల చొప్పున నెలకు పదివేలు వస్తాయనుకుందాం. మూసీ పక్కన ఒక గదికి నాలుగు వేలు అద్దె కడుతోంది. పొద్దున ఐదున్నరకు బయలుదేరితే పది నిమిషాల్లో మొదటి ఇంట్లో ఉంటుంది. తొమ్మిదికి ఇంటికొచ్చి పిల్లలను బడికి పంపి, మళ్ళీ రెండు ఇళ్ళకు వెళ్తుంది. ఆమెకు కొల్లూరులో ఇల్లు వచ్చింది. నాలుగు వేల అద్దె మిగిలింది, బాగుంది. ఇప్పుడు బర్కత్‌పురా రావాలంటే రెండు బస్సులు మారాలి, రానుపోను నాలుగు గంటలైనా పడుతుంది. పొద్దున ఆరింటికి గిన్నెలు తోమాల్సిన ఇల్లు తొమ్మిది దాకా ఆగదు. రెండు ఇళ్ళు పోతే ఐదు వేలు పోయాయి. మధ్యలో ఇంటికొచ్చి పిల్లలను చూసుకునే వీలు పోయింది. 2023 డిసెంబర్ 9 నుంచి మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం కాబట్టి టికెట్ డబ్బు మిగిలింది, నిజమే. ఆ పథకం ఇలాంటివాళ్ళకు చేసిన మేలును ఎంత చెప్పినా తక్కువే. కానీ బస్సు ఆమె గంటలను తిరిగి ఇవ్వలేదు.

పోయేవి ఇంకా ఉన్నాయి. పాత బస్తీలో కిరాణా కొట్టువాడు నెలాఖరు దాకా ఖాతా రాసుకునేవాడు. చీటీ పాటలో ఆమెను నమ్మేవాళ్ళు ఇరవై మంది ఉండేవాళ్ళు. జ్వరమొస్తే పక్కింటి పెద్దావిడ బిడ్డను చూసేది. భర్త అడ్డా మీద నిలబడితే మేస్త్రీలకు అతని మొహం తెలుసు. కొత్త అడ్డాలో తెలియదు. లాటరీ తీసినప్పుడు ఈ సంబంధాలన్నీ నలుదిక్కులకూ చెదిరిపోతాయి. ఆస్తి అంటే గోడలే అనుకునేవాళ్ళకు ఈ నష్టం కనిపించదు. బీదవాళ్ళకు మాత్రం ఆస్తిలో ఎక్కువ భాగం ఇదే. కాబట్టి కొల్లూరు ఇంటికి తాళం వేసిన మనిషి విలువ తెలియక వేయలేదు. లెక్క చూసుకునే వేసింది.

కొల్లూరు ఇళ్ళు ప్రారంభమైన ఆరు వారాలకు, 2023 ఆగస్టు 3న, అదే అవుటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న కోకాపేటలో సర్కారు భూమి ఎకరం నూరు కోట్ల డెబ్బై ఐదు లక్షలు పలికింది. అక్కడ లేచే టవర్లలో కూడా పనివాళ్ళు కావాలి. భూమి అమ్మేటప్పుడే ఎకరానికి కొంత చోటు ఆ పనివాళ్ళ ఇళ్ళకు వదలాలన్న నిబంధన పెడితే, కొన్న సంస్థలకు కూడా అది భారం కాదని నా నమ్మకం. పనిమనిషి గంట ఆలస్యంగా రావడానికి కారణం దూరమే అయినప్పుడు, దాన్ని తగ్గించడం అందరి అవసరం.

నగరం మధ్య చోటు ఎక్కడుంది అన్న ప్రశ్న న్యాయమైనదే. చోటు బస్తీలోనే ఉంది. గుడిసెలున్న నేల మీద మూడో ఐదో అంతస్తులు లేపితే అందరూ సరిపోతారని ఐడీహెచ్ చూపించింది, జియాగూడలో కట్టిన ఇళ్ళూ చూపించాయి. కష్టం వేరే దగ్గరుంది. కట్టే రెండు మూడేళ్ళు జనం ఎక్కడుండాలి? ఇల్లు కూలిస్తే మళ్ళీ ఇస్తారన్న నమ్మకం ఏది? ఖాళీ చేసి అద్దె ఇళ్ళలో ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళను జనం చూశారు, అందుకే నమ్మరు. కట్టాక లిఫ్టు కరెంటు బిల్లు, మోటారు రిపేరు ఎవరు పెట్టుకోవాలి? వీటిలో ఒక్కటి కూడా సిమెంటుతో తీరే సమస్య కాదు. బస్తీలో కూర్చుని, పేరు పేరునా మాట్లాడి, కమిటీ చేత సంతకాలు పెట్టించి, తాత్కాలిక వసతికి అద్దె నెలనెలా ఇప్పించే మనిషి కావాలి. 1967లో ఆ మనిషికి కమ్యూనిటీ ఆర్గనైజర్ అని పేరు పెట్టారు. ఆ ఉద్యోగం బల్దియాలో ఇంకా ఉంది. ఇళ్ళ పథకాల నిర్ణయాల్లో దానికి చోటు లేదు.

సంపాదన వైపు కూడా దూరం మాటే చెల్లుతుంది. కుట్టు క్లాసులతో మొదలైన పని 2007లో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా వచ్చాక పొదుపు సంఘాలుగా విస్తరించింది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం సర్వే చేసి ధ్రువపత్రాలు ఇమ్మంది, టౌన్ వెండింగ్ కమిటీల్లో నలభై శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలంది. 2020 నుంచి కేంద్రం స్వనిధి పథకం కింద మొదటి విడత పదివేల అప్పు దొరికింది. అప్పు దొరికినా, బండి పెట్టుకునే మూల మారిస్తే బేరం పోతుంది. బస్టాపు దగ్గరి అరటిపండ్ల బండి నాలుగు వీధులు లోపలికి జరిగితే అప్పు వాయిదా కట్టలేదు. ఇల్లు జరిపినా, బండి జరిపినా తెగేది ఒకటే.

మూసీ దగ్గర ఆగుదాం. 2000 ఆగస్టులో, 2020 అక్టోబర్‌లో వరదలు ఏం చేశాయో చూశాం. నది గర్భంలో ఉన్న ఇల్లు ప్రమాదమే. అక్కడ పిల్లలు నిద్రపోకూడదు. 2024 సెప్టెంబర్‌లో గుర్తులు పెట్టాక కొన్ని కుటుంబాలు మలక్‌పేట పిల్లిగుడిసెల దగ్గరి డబుల్ బెడ్రూమ్ ఇళ్ళకు వెళ్ళాయి. అది పాత చోటికి దగ్గరే. వెళ్ళడానికి ఒప్పుకున్నవాళ్ళలో ఆ దగ్గరతనానికి పెద్ద పాత్ర ఉందని నేననుకుంటాను. మిగిలిన వేల కుటుంబాలకు కూడా అంత దగ్గర చోటు వెతకాలి. ఆ పని 1908 వరద తర్వాత ఈ నగరం చేసింది. అప్పటి బోర్డుకు ఉన్న డబ్బు ఇప్పటి ప్రభుత్వానికి లేదని ఎవరూ అనలేరు.

మీ డివిజన్‌లో బస్తీ తరలింపు మాట వస్తే, ప్రతి గుమ్మం దగ్గరా అధికారి రాసుకునే ఫారంలో కుటుంబ సభ్యుల పేర్ల పక్కన ఇంకో గడి ఉండాలని అడగండి: ఇంట్లో ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారు, అక్కడికి ఎంతసేపు నడుస్తారు. ఆ గడి నిండిన తర్వాతే కొత్త ఇంటి స్థలం ఎంచమనండి. బస్తీలో మీకు ఇల్లు లేకపోయినా అడగండి. రేపు పొద్దున ఆరింటికి మీ తలుపు తట్టే మనిషి కోసం అడగండి.